ప్రధాన నర్సింగ్ అధికారి పదవి నిజంగా అవసరమా? ముందు ఇన్‌వర్డ్ రిజిస్టర్ చూపించమని అడగండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ ఆరోగ్య శాఖలో "ప్రభుత్వ ప్రధాన నర్సింగ్, మిడ్‌వైఫరీ అధికారి" అనే పదవి కొత్తగా పెట్టబోతున్నారు. ఇప్పటికే నర్సింగ్ కౌన్సిల్ ఉంది, సంఘం ఉంది, ప్రతి పెద్ద ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్ ఉన్నారు. వీళ్లందరి మీద ఇంకొకరు ఎందుకు? మిడ్‌వైఫరీకి, అంటే కాన్పులు చూసే వృత్తికి, వేరే అధికారి కావాలా? మీకు 19 ఏళ్ల సర్వీసు ఉంది కాబట్టి దరఖాస్తు పెట్టమని తోటివాళ్లు అంటున్నారు, పెట్టాలా వద్దా?

నేను 31 ఏళ్లు నర్సింగ్‌లో ఉన్నాను. మొదటి 20 ఏళ్లు ఆసుపత్రుల్లోనే: వార్డులు, లేబర్ రూమ్, చివర్లో సూపరింటెండెంట్ కుర్చీ. చివరి 11 ఏళ్లు ఆరోగ్య శాఖ ప్రధాన కార్యాలయంలో నర్సింగ్ విభాగం, అందులో ఆరేళ్లు ఆ విభాగానికి నేనే బాధ్యురాలిని. కాబట్టి ఈ కుర్చీని రెండు వైపుల నుంచీ చూశాను.

సూటిగా జవాబు: పదవి అవసరమే. అయితే ఆ కుర్చీకి మూడు ఉండి తీరాలి. సిబ్బందికి సంబంధించిన ఫైలు నిర్ణయానికి ముందే ఆ బల్ల మీదికి రావాలి. శాఖ అధిపతితో మధ్యలో ఎవరూ లేకుండా మాట్లాడే వీలుండాలి. ఎంతమంది నర్సులు, ఎంతమంది మిడ్‌వైఫ్‌లు, ఎక్కడున్నారు అన్న లెక్క తన దగ్గరే ఉండాలి. ఇవి లేకుండా పదవి ఇస్తే ఏడాదికోసారి నర్సుల దినోత్సవం నాడు మైకు పట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. మిడ్‌వైఫరీ విషయానికొస్తే, వేరే అధికారి దొరికితే మంచిదే. దొరక్కపోతే ఆ ఆఫీసులో రెండో స్థానంలోనైనా ఒక మిడ్‌వైఫ్ ఉండాలి, తనకంటూ బడ్జెట్ పద్దు ఉండాలి. దరఖాస్తు పెట్టండి, కానీ చేరే ముందు కొన్ని అడగండి. అవేమిటో చివర్లో చెప్తాను.

ముందు ఎవరి పని ఏమిటో

కౌన్సిల్, సంఘం, ప్రధాన అధికారి ముగ్గురూ ఒకటే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మా శాఖలో పెద్ద పెద్ద అధికారులే అనుకునేవారు. కౌన్సిల్ పని ప్రజలను కాపాడటం. ఎవరు నర్సు అనిపించుకోవచ్చు, ఏ కాలేజీ ప్రమాణాలకు తగ్గట్టు ఉంది, ఎవరి రిజిస్ట్రేషన్ రద్దు చేయాలి, ఇవి కౌన్సిల్ చూస్తుంది. సంఘం నర్సుల తరఫున ప్రభుత్వంతో మాట్లాడుతుంది, అవసరమైతే పోట్లాడుతుంది. ప్రధాన నర్సింగ్ అధికారి ప్రభుత్వం లోపల కూర్చుని, నర్సింగ్ తెలిసిన మనిషిగా ప్రభుత్వానికి సలహా చెప్తుంది, ఒప్పుకున్నది అమలు చేయిస్తుంది. సూపరింటెండెంట్ తన ఆసుపత్రి వరకే. ఐదేళ్ల తర్వాత దేశానికి ఎంతమంది ఐసీయూ నర్సులు కావాలో చూసే పని ఆమెది కాదు, అంత తీరికా ఆమెకు ఉండదు.

ఒకే మనిషి కౌన్సిల్ అధ్యక్షురాలిగా, శాఖలో ప్రధాన అధికారిగా రెండు టోపీలు పెట్టుకున్న చోట్లు ఉన్నాయి. నాకు అది అస్సలు నచ్చదు. పోస్టులు త్వరగా నింపమని ప్రభుత్వం ఒత్తిడి పెడుతుంది. అలాంటప్పుడు ప్రమాణాలు తగ్గించకుండా అడ్డుపడాల్సింది కౌన్సిలే. రెండు సీట్లలోనూ మీరే ఉంటే ఎవరికి ఎవరు అడ్డుపడతారు?

ఒక ఫైలు కథ

నేను సూపరింటెండెంట్‌గా ఉన్నప్పుడు మా ఆసుపత్రికి నాలుగు వార్డుల కొత్త బ్లాకు మంజూరైంది. భవనం, పరికరాలు, డాక్టర్ల పోస్టులు, ఆఖరికి లిఫ్ట్ ఆపరేటర్ దాకా అన్నీ ఫైల్లో ఉన్నాయి. నర్సింగ్ దగ్గర ఒకే ఒక్క లైను: "నర్సింగ్ సిబ్బందిని ప్రస్తుతం ఉన్నవారిలో నుంచి సర్దుబాటు చేసుకోవాలి." ఆ కాపీ నాకు ఉత్తర్వు అయిపోయాక వచ్చింది. పైన మూలకు "సమాచారం నిమిత్తం" అని రాసి ఉంది.

ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు "సమాచారం నిమిత్తం", "అభిప్రాయం నిమిత్తం" అన్న రెండు మాటల మధ్య ఎంత దూరముందో తెలుసు. మొదటిదానికి మీరు చేయగలిగింది చదివి బాధపడటమే. రెండోదానికి మీ నోటు ఫైల్లో ఉండిపోతుంది. దాన్ని కాదనాలంటే పై అధికారి కారణం రాసి సంతకం పెట్టాలి. అలా రాయడానికి చాలామంది వెనకాడతారు. ప్రధాన అధికారికి ఉండే అధికారంలో సగం నిజానికి ఇదే.

ఆ బ్లాకు తెరిచారు. పాత వార్డుల నుంచి మనుషులను లాగి నడిపాం. పాత వార్డుల్లో రాత్రి డ్యూటీకి ఒక్కో నర్సే మిగిలింది. ఆ ఏడాది మా దగ్గర మంచం పుండ్ల లెక్క ఎంత పెరిగిందో నాకు తెలుసు, ఎందుకంటే రిజిస్టర్ నేనే రాసేదాన్ని.

కొన్నేళ్లకు నేను శాఖలోకి వచ్చాక అలాంటిదే ఇంకో బ్లాకు ఫైలు వచ్చింది. ఈసారి "అభిప్రాయం నిమిత్తం". నాలుగు వార్డులు, ఒక్కో వార్డులో ప్రతి షిఫ్టుకూ నలుగురు నర్సులు ఉండాలని లెక్క. నాలుగు మూళ్లు పన్నెండు కాబట్టి వార్డుకు 12 మంది చాలని ఆర్థిక విభాగం రాసింది. నేను 18 అడిగాను. ఫైలు వెనక్కి వచ్చింది: "ఈ లెక్కకు ఆధారం ఏమిటి?"

ఆ ఫైలు చూస్తున్న కుర్రాడు కొత్తగా చేరిన అధికారి, తెలివైనవాడు. నోటుకు నోటు రాసుకోవడం అనవసరమనిపించి నేనే వెళ్లాను. ఖాళీ డ్యూటీ రోస్టర్ షీటు ఒకటి, పెన్సిల్ ఒకటి ఆయన ముందు పెట్టి, "సార్, పన్నెండు పేర్లు రాసి ఒక్క నెల నింపి చూపించండి, నేను సంతకం పెట్టేస్తాను" అన్నాను. ఉదయం నలుగురు, మధ్యాహ్నం నలుగురు, రాత్రి నలుగురు. చకచకా నింపుకుంటూ పోయాడు. మొదటి వీక్లీ ఆఫ్ గడి దగ్గర చెయ్యి ఆగింది. ఆఫ్ ఇస్తే ఆ షిఫ్టుకు ముగ్గురే. పక్క షిఫ్టు నుంచి ఒకరిని జరిపాడు, అక్కడ ముగ్గురయ్యారు. చెరిపాడు, మళ్లీ రాశాడు. పావుగంట తర్వాత తలెత్తి, "మరి ఇప్పుడు ఎలా నడుస్తోంది మేడం?" అన్నాడు.

"డబుల్ డ్యూటీలతో" అన్నాను.

అప్పుడు లెక్క చెప్పాను. మీకూ పనికొస్తుంది, రాసి పెట్టుకోండి. ఏడాదికి 365 రోజులు, రోజుకు మూడు షిఫ్టులు, మొత్తం 1095 షిఫ్టులు. ఒక నర్సు ఏడాదిలో 365 రోజులూ రాదు. వీక్లీ ఆఫ్‌లు 52, మిగతా సెలవులు, పండగలు, అనారోగ్యం, శిక్షణ కలిపి ఇంకో 70కి పైగా. అంటే చేతికి వచ్చేవి దాదాపు 240 రోజులు. 1095ను 240తో భాగించండి, నాలుగున్నర వస్తుంది. ఒక కుర్చీలో 24 గంటలూ ఒక నర్సు ఉండాలంటే కావాల్సింది ముగ్గురు కాదు, నలుగురున్నర. ప్రసూతి సెలవులు కలిపితే ఐదుకు దగ్గరవుతుంది. నలుగురికి నాలుగున్నర చొప్పున 18.

చివరికి 16 ఇచ్చారు. అడిగినంతా రాలేదు. కానీ 12కీ 16కీ తేడా ఏమిటో రాత్రి రెండింటికి వార్డులో ఉన్నవాళ్లను అడగండి.

వార్డుల వారీగా, పని భారాన్ని బట్టి ఇలాంటి లెక్క కట్టే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలా ఏళ్ల క్రితమే తయారుచేసింది, దాని మాన్యువల్‌ను 2010లో సవరించింది. ఇంగ్లిష్‌లో పొట్టిగా విస్న్ (WISN) అంటారు. ప్రధాన అధికారి ఆఫీసులో కనీసం ఇద్దరికి అది చేతనై ఉండాలి. మీకే వస్తే ఇంకా మంచిది.

ఇదంతా రోగికి తేడా తెస్తుందా?

తెస్తుంది. 2014లో లాన్సెట్ వైద్య పత్రికలో లిండా ఐకెన్ బృందం ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో అందరికీ తెలిసినదే. తొమ్మిది యూరప్ దేశాల్లో 300 ఆసుపత్రులు, శస్త్రచికిత్స చేయించుకున్న 4 లక్షల 22 వేల మందికి పైగా రోగులు. ఒక నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగితే, చేరిన 30 రోజుల్లో రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరిగినట్టు తేలింది. డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగితే అదే అవకాశం 7 శాతం తగ్గింది. నేను ఈ రెండు అంకెలను ఎన్ని నోట్లలో వాడానో లెక్కలేదు. ఆర్థిక శాఖ వాళ్లు కన్నీళ్లకు కరగరు, శాతాలకు కొంచెం కదులుతారు.

కొన్ని చోట్ల దీన్ని చట్టంలోనే పెట్టారు. కాలిఫోర్నియాలో 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలుచేశారు. సాధారణ వార్డుల్లో ఒక నర్సుకు ఐదుగురు రోగులకు మించకూడదన్న లెక్క 2005 నుంచి ఉంది. వేల్స్ 2016లో చేసిన చట్టం దారి వేరు. అది ఒకే నిష్పత్తిని అందరి మీదా రుద్దదు. ప్రతి ఆరోగ్య బోర్డూ ఒక బాధ్యుడిని నియమించాలి, ఆ మనిషి పని భారం కొలిచే సాధనం, రోగులకు జరిగిన హాని వివరాలు, తన వృత్తిపరమైన అంచనా మూడూ కలిపి వార్డుకు ఎంతమంది కావాలో తేల్చాలి. నాకు వ్యక్తిగతంగా ఈ రెండోదే నచ్చుతుంది. కారణం ఒకటే: నర్సు వృత్తిపరమైన అంచనాకు చట్టంలో చోటు దొరికింది. కాకపోతే ఇలాంటి చట్టం నిలబడాలంటే ప్రభుత్వం లోపల దాని అర్థం తెలిసిన మనిషి ఉండాలి. లేకపోతే రెండేళ్లలో అదొక ఫారం నింపే తంతుగా మారుతుంది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు

న్యూజిలాండ్ 1901లో దేశమంతటికీ వర్తించేలా నర్సుల రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చింది, ప్రపంచంలో అదే మొదటిది. దాని వెనక ఉన్న గ్రేస్ నీల్ శిక్షణ పొందిన నర్సు, ఆసుపత్రుల శాఖలో ఉద్యోగి. మూడేళ్లకు, 1904లో, మిడ్‌వైఫ్‌ల చట్టం వచ్చింది. నర్సు ప్రభుత్వం లోపల ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పాత ఉదాహరణ నాకు తెలియదు. ఇంగ్లండ్‌లో ఆరోగ్య మంత్రిత్వ శాఖ రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, 1941లో, కేథరిన్ వాట్‌ను ప్రధాన నర్సింగ్ అధికారిగా పెట్టుకుంది. నర్సులు కరువైనప్పుడే ప్రభుత్వాలకు నర్సింగ్ తెలిసిన మనిషి కావాలని గుర్తొస్తుంది, ఇది అన్ని కాలాల్లోనూ అంతే. కెనడా కేంద్ర ప్రభుత్వం 2022 ఆగస్టులో ఈ పదవిని "మళ్లీ" తెచ్చింది. ఆ "మళ్లీ"ని గమనించండి. ఉత్తర్వుతో వచ్చిన పదవి ఉత్తర్వుతోనే పోతుంది. వీలైతే చట్టంలోనో, సర్వీసు నిబంధనల్లోనో ఉండేలా చూడండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెచ్చిన ప్రపంచ నర్సింగ్ నివేదిక నాటికి సమాచారం ఇచ్చిన దేశాల్లో 71 శాతం చోట్ల ప్రభుత్వంలో సీనియర్ నర్సు పదవి ఉంది. 2025 నివేదికలో అది 82 శాతం. ఈ పదవి ఉన్న దేశాల్లో నర్సింగ్ నియంత్రణ వ్యవస్థలు బలంగా ఉన్నట్టు 2020 నివేదికే చెప్పింది. ఇందులో ఏది కారణమో ఏది ఫలితమో అంత తేలిగ్గా చెప్పలేం. వ్యవస్థలు బాగున్న చోటే పదవి కూడా ముందు పుట్టి ఉండొచ్చు. అందుకే 82 శాతం చూసి నేను పొంగిపోను. బోర్డు మీద పేరుండటం వేరు, ఫైలు రావడం వేరు.

లెక్క ఎవరి దగ్గరుంటే మాట వారిది

నేను శాఖలో చేరిన కొత్తలో "మనకు నర్సులు ఎంతమంది?" అని మంత్రిగారి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. సాయంత్రంలోగా చెప్పమన్నారు. కౌన్సిల్ రిజిస్టర్ ఒక అంకె చెప్పింది. జీతాల బిల్లు అందులో సగం కూడా లేని అంకె చెప్పింది. సంఘం వాళ్లది మూడోది. కౌన్సిల్ రిజిస్టర్లో పేరు ఒకసారి ఎక్కితే దిగేది కాదు. రిటైరైనవాళ్లు, వృత్తి మానేసినవాళ్లు, విదేశాలకు వెళ్లినవాళ్లు, చనిపోయినవాళ్లు కూడా అందులో డ్యూటీ చేస్తూనే ఉన్నారు. నాకు చదువు చెప్పిన ట్యూటర్ మేడం పేరూ కనిపించింది. ఆవిడ పోయి అప్పటికి ఎనిమిదేళ్లు.

ఐదేళ్లకోసారి రెన్యువల్ తప్పనిసరి చేయించడానికి నాకు మూడేళ్లు పట్టింది. నేను చేసిన పనుల్లో ఎవరికీ కనిపించనిది, నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది అదే.

ఈ లెక్క ఎందుకంత ముఖ్యమంటే, పెద్ద అంకెలన్నీ అందులోంచే పుడతాయి. 2023లో ప్రపంచంలో 2 కోట్ల 98 లక్షల మంది నర్సులున్నారని, ఇంకా 58 లక్షల మంది కొరత ఉందని 2025 నివేదిక చెప్తోంది. నర్సుల్లో 78 శాతం మంది, ప్రపంచ జనాభాలో 49 శాతం ఉన్న దేశాల్లోనే ఉన్నారు. ప్రతి ఏడుగురిలో ఒకరు తాను పుట్టని దేశంలో పనిచేస్తున్నారు. అధిక ఆదాయ దేశాల్లో అది 23 శాతం. మీ దేశం పంపించేదైనా, తెచ్చుకునేదైనా, విదేశీ నియామకాల ఒప్పందం మీద చర్చ జరిగే గదిలో ప్రధాన అధికారి ఉండాలి. దీనికి 2010లో ఆమోదించిన అంతర్జాతీయ నియమావళి ఉంది, చదివి ఉంచుకోండి. మా దగ్గర ఒకసారి అలాంటి ఒప్పందాన్ని కార్మిక శాఖ ఒక్కటే కుదుర్చుకుంది. ఎవరు వెళ్తారో మాకు తెలిసేసరికి రెండు ఆసుపత్రుల డయాలిసిస్ యూనిట్లలో అనుభవమున్నవాళ్లు ఖాళీ అయిపోయారు.

మిడ్‌వైఫరీ సంగతి

ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నేను తప్పు చేసింది ఇక్కడే.

నేను నర్సునీ మిడ్‌వైఫ్‌నీ. రెండూ ఒకే చెట్టు కొమ్మలని చాలాకాలం నమ్మాను. అంతర్జాతీయ వృత్తుల వర్గీకరణలో నర్సుకు 2221, మిడ్‌వైఫ్‌కు 2222, వేర్వేరు కోడ్‌లు. మా జీతాల బిల్లులో మాత్రం ఇద్దరికీ "స్టాఫ్ నర్స్" అనే ఉండేది. దాంతో ఎంతమంది మిడ్‌వైఫ్‌లు ఉన్నారంటే ఎవరూ చెప్పలేకపోయేవారు. దానికంటే పెద్ద చిక్కు రొటేషన్. పద్దెనిమిది నెలలు మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చి పంపిన పిల్లలను, మూడు నెలలు తిరక్కుండానే ఆసుపత్రుల వాళ్లు సర్జికల్ వార్డుకో, థియేటర్‌కో మార్చేసేవారు. రోస్టర్లో నర్సు నర్సే కదా!

ఒకసారి తనిఖీకి వెళ్లినప్పుడు, మా మొదటి బ్యాచ్‌లో అందరికంటే చేయి తిరిగిన అమ్మాయి కంటి ఆపరేషన్ల దగ్గర చుక్కల మందు వేస్తూ కనిపించింది. లేబర్ రూమ్‌లో ఆ రోజు డ్యూటీ చేస్తున్నది ఒంటరిగా ఒక్క కాన్పు కూడా చేయని కొత్త నర్సు. "అడిగావా వాళ్లను?" అన్నాను. "అడిగాను మేడం, అందరికీ రొటేషనే రూలన్నారు" అంది. ఆ రొటేషన్ రూలు పెట్టిన సర్క్యులర్ కింద సంతకం నాదే. నర్సులందరికీ అన్ని వార్డులూ రావాలన్న మంచి ఉద్దేశంతోనే పెట్టాను. మిడ్‌వైఫ్‌లకు మినహాయింపు ఇవ్వాలన్న ఆలోచన నాకు రాలేదు, పక్కన గుర్తుచేసే మిడ్‌వైఫ్ ఎవరూ లేరు. దాన్ని సవరించడానికి 14 నెలలు పట్టింది.

అందుకే అంటున్నాను, ఒకే పదవిలో రెండు పేర్లు కలిపి రాసినంత మాత్రాన మిడ్‌వైఫరీకి న్యాయం జరగదు. 2021 ప్రపంచ మిడ్‌వైఫరీ నివేదిక ప్రకారం 9 లక్షల మంది మిడ్‌వైఫ్‌ల కొరత ఉంది. మిడ్‌వైఫ్‌ల సేవలు పూర్తి స్థాయిలో అందితే తల్లుల మరణాల్లో 67 శాతం, నవజాత శిశు మరణాల్లో 64 శాతం తప్పించవచ్చని, 2035 నాటికి ఏటా 43 లక్షల ప్రాణాలు నిలబడతాయని అదే నివేదిక అంచనా. అయినా సమాచారం ఇచ్చిన దేశాల్లో సగం చోట్లే ఆరోగ్య మంత్రిత్వ శాఖలో మిడ్‌వైఫ్ నాయకత్వం ఉంది. ఇంగ్లండ్‌లో నర్సింగ్ అధికారి వచ్చింది 1941లో అని చెప్పాను కదా, ప్రధాన మిడ్‌వైఫరీ అధికారిని పెట్టుకున్నది 2019లో. జాక్వెలిన్ డంక్లీ-బెంట్ ఆ పదవిలో మొదటి మనిషి. మధ్యలో ఎన్నేళ్లో మీరే లెక్కేసుకోండి.

చిన్న దేశాల్లో రెండు పదవులు కుదరవు, ఒప్పుకుంటాను. అప్పుడు రెండో స్థానం మిడ్‌వైఫ్‌కు ఇచ్చి, లేబర్ రూమ్ సిబ్బంది, మిడ్‌వైఫ్‌ల శిక్షణ, వాళ్ల పోస్టింగ్‌ల ఫైళ్లు ముందు ఆమె దగ్గరికే వెళ్లాలని పని పంపకంలో రాసిపెట్టించండి. నోటిమాటగా వద్దు.

ఈ పదవిని మింగేసేవి

మొదటిది బదిలీలు. ఇది ఏ నివేదికలోనూ కనిపించదు గానీ, నా మొదటి ఏడాది డైరీ తిరగేస్తే నెలలో ఇరవై రోజులు బదిలీల అర్జీలే. భర్త ఇక్కడ, అమ్మకు ఆరోగ్యం బాలేదు, పిల్లాడి చదువు. అన్నీ నిజమైన కష్టాలే, కాదనలేం. సిఫార్సు ఫోన్లు సరేసరి. బయట వరుసలో నిలబడి ఉంటారు, లోపల ఐదేళ్ల సిబ్బంది ప్రణాళిక దుమ్ము పట్టి ఉంటుంది. రెండో ఏడాది పట్టుబట్టి బదిలీలు, క్రమశిక్షణ ఫైళ్లు పరిపాలన విభాగానికి అప్పగించాను. దాంతో నా అధికారం తగ్గిందని, "మేడం ఇప్పుడు ఉత్త చేతులతో ఉన్నారు" అని అనుకున్నారు. నిజానికి నా పని అప్పుడే మొదలైంది.

రెండోది ఇన్‌చార్జి సంస్కృతి. పదవి ఖాళీ అయితే రెగ్యులర్ నియామకం చేయకుండా ఎవరికో అదనపు బాధ్యత ఇస్తారు. ఎప్పుడు పీకేస్తారో తెలియని మనిషి కాదని నోటు ఎలా రాస్తుంది?

మూడోది, మనుషులు లేని ఆఫీసు. ఒక అధికారి, ఒక టైపిస్టు, ఒక బీరువా. నేను చేరినప్పుడు ఇంతే. కనీసం ఒక లెక్కల మనిషి, ఒక విద్యా వ్యవహారాల మనిషి, ఒక మిడ్‌వైఫ్ లేకుండా ఈ పని నడవదు.

ఇంకొకటి సమ్మె. సమ్మె వస్తే మీరు ఎవరి వైపు అని రెండు వైపులా అడుగుతారు. మా సమయంలో 16 రోజుల సమ్మె జరిగింది. నాతో పాటు హాస్టల్లో ఉన్న స్నేహితురాలు ఫోన్ చేసి "నువ్వు అమ్ముడుపోయావే" అంది. అదే రోజు మీటింగులో పై అధికారి "మీ వాళ్లను మీరే అదుపు చేయాలి" అన్నారు. నేను చేసింది రెండే పనులు. ఐసీయూ, ఎమర్జెన్సీ, లేబర్ రూమ్‌లలో కనీసం ఎంతమంది ఉండాలో సంఘంతో మాట్లాడి రాతపూర్వకంగా తేల్చడం. సంఘం డిమాండ్లలో ఏవి సిబ్బంది లెక్క ప్రకారం న్యాయమైనవో శాఖకు నోటు రాయడం. ఎవరికీ నచ్చలేదు. ఆ స్నేహితురాలు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు.

మీ దరఖాస్తు సంగతి

19 ఏళ్ల వార్డు అనుభవం చాలదా అంటే, చాలదు. మా తరంలో చాలామందికి వార్డు తెలుసు, బడ్జెట్ తెలియదు. చేతులు పెట్టి నేర్చుకోవాల్సినవి ఇవి: బడ్జెట్ పద్దులు చదవడం, ఒక పేజీలో విధాన నోటు రాయడం, సిబ్బంది లెక్క కట్టడం, సర్వీసు నిబంధనలు. మొదటిది నాకు ఒక రిటైరైన గుమస్తా నేర్పారు, వారానికి రెండు సాయంత్రాలు. ఏ కోర్సులోనూ అంత బాగా చెప్పరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఈ పదవి వాళ్ల కోసమే ఒక శిక్షణ మాన్యువల్ తెచ్చింది, అందులో పని స్వరూపం వివరంగా ఉంటుంది. అలాగే 2021లో ప్రపంచ ఆరోగ్య సభ (ఆ సంస్థ సభ్య దేశాల సమావేశం) ఆమోదించిన నర్సింగ్, మిడ్‌వైఫరీ వ్యూహ దిశలు చూడండి. విద్య, ఉద్యోగాలు, నాయకత్వం, సేవలు అని నాలుగు భాగాలుంటాయి. 2025 వరకే అనుకున్నదాన్ని 2030 దాకా పొడిగించారు. మీ శాఖను ఏదైనా అడిగేటప్పుడు "మన ప్రభుత్వమే ఆ సభలో ఒప్పుకుంది" అనొచ్చు, బాగా పనిచేస్తుంది.

ఈ దారి ఎంతవరకు వెళ్తుందో అనుమానముంటే, అమేలియా తుయిపులోతు గారిని చూడండి. టోంగాలో నర్సుగా మొదలై ఆ దేశ ఆరోగ్య మంత్రి అయ్యారు, ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థకే ప్రధాన నర్సింగ్ అధికారి అయ్యారు.

ఇక చేరే ముందు అడగాల్సినవి. ఎవరికి రిపోర్టు చేయాలి, మధ్యలో ఎన్ని మెట్లు? పదవీకాలం ఎన్నేళ్లు, ఎక్కడ రాసి ఉంది? సొంత బడ్జెట్ పద్దు ఉందా? ఇవన్నీ అడిగితే అందరూ "చూద్దాం, అన్నీ ఉంటాయి" అంటారు. అందుకని ఇంకొకటి అడగండి. ప్రస్తుతం నర్సింగ్ విభాగం చూస్తున్నవారి ఇన్‌వర్డ్ రిజిస్టర్, అంటే వచ్చిన ఫైళ్లు రాసుకునే పుస్తకం, గత మూడు నెలలది చూపించమనండి. ఎన్ని ఫైళ్లు "అభిప్రాయం నిమిత్తం" వచ్చాయి, ఎన్ని "సమాచారం నిమిత్తం" వచ్చాయి, ఎన్ని బదిలీ అర్జీలు, పెన్సిల్‌తో గీతలు పెట్టి లెక్కేయండి. అభిప్రాయం వరుసలో గీతలు పది కూడా లేకపోతే, చేరే ముందే పని పంపకం ఉత్తర్వు మార్చమని రాతపూర్వకంగా కోరండి. చేరాక అడిగితే ఎవరూ వినరు, నేను అలాగే అడిగాను. ఆ రిజిస్టర్ అంకెలు వచ్చాక ఇక్కడే రాయండి, ఏం అడగాలో ఆ లేఖ చూసి పెడతాను.